ఫ్రిజ్జులో పెట్టిందే కదా, ఎట్లా చెడిపోయింది అన్నావు

చిత్తూరు
ఆదివారం, సాయంత్రం

చిన్నోడా,

కడుపు కుదుటపడిందా? బుధవారం అర్ధరాత్రి ఫోన్ చేసి "ఫ్రిజ్జులో పెట్టిన అన్నమే కదా నాన్నా, ఎట్లా చెడిపోతుంది?" అని నువ్వు అడిగితే, నిద్రమత్తులో మజ్జిగలో ఉప్పేసుకుని తాగి పడుకోమన్నానే గానీ జవాబు చెప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు హైస్కూల్లో పిల్లలకు బాక్టీరియా పాఠం చెప్పినవాణ్ణి, సొంత కొడుక్కి ఒక గిన్నె అన్నం సంగతి చెప్పలేకపోయానే అని అప్పట్నుంచీ అదే ఆలోచన. దానికి తోడు ఈ పొద్దున ఇంట్లో జరిగింది రాస్తే నీ జవాబు కూడా అందులోనే వచ్చేస్తుంది. ఓపికగా చదువు, సగంలో వదిలెయ్యకు.

మీ అమ్మ అక్క దగ్గరికి తిరుపతి వెళ్ళి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. మొదట్లో ఆమె చేసిపెట్టి పోయినవి తిన్నాను, తర్వాత నేనే ఏదో ఉడకేసుకుంటున్నాను. పొద్దున పాల కోసం ఫ్రిజ్జు తలుపు తీస్తే గుప్పుమంది. ఇన్నేళ్ళలో నేను ఆ తలుపు తీసింది చల్లనీళ్ళ కోసమే, చేతికందిన బాటిల్ తీసుకుని వేసెయ్యడమే. ఇవాళ మాత్రం ముక్కుకి తువ్వాలు కట్టుకుని, లుంగీ ఎగ్గట్టి, ఒక్కొక్కటే బయటికి తీసి వంటింటి గట్టు మీద పెట్టాను.

ఏమేమి ఉన్నాయో చెప్తే నవ్వుతావు. పప్పు మూడు గిన్నెల్లో, తలా రెండు గరిటెలు, మూడూ నేను చేసినవే. సగం కోసిన నిమ్మకాయలు నాలుగు, చెక్కలాగా బిగిసిపోయి. గులాబి రంగు తిరిగిన కొబ్బరి చిప్ప. కొత్తిమీర ప్లాస్టిక్ కవర్లోనే కుళ్ళి నల్లటి నీళ్ళయిపోయింది. దోశపిండి పొంగి మూతని తోసుకుని కారి, కింద గాజు అర మీద సున్నంలా గట్టిపడింది. అన్నిటికంటే బాధనిపించింది లడ్డూ. పక్కింటివాళ్ళు కొండకి పోయొచ్చి ఇచ్చిన ప్రసాదం, పల్చటి కవర్లో చుట్టి ఎండుచేపల డబ్బా పక్కన పెట్టి ఉంది. పెట్టింది ఎవరో కాదు, నేనే. నెయ్యి పేరుకుని రాయిలాగా అయింది, కొంచెం తుంచి నోట్లో వేసుకుంటే పచ్చకర్పూరం కాదు, ఎండుచేప. లెంపలేసుకుని మిగతాది మింగాను, ప్రసాదం కదా, పారెయ్యలేను. లడ్డూని ఫ్రిజ్జులో పెట్టాల్సిన పనే లేదు, తడి తగలని డబ్బాలో మూత బిగించి బయటే పెట్టి నాలుగు రోజుల్లో తినెయ్యి.

ఇప్పుడు నీ అన్నం సంగతి. ఆదివారం మధ్యాహ్నం వండి, సినిమాకి పోయి, రాత్రి పదకొండింటికి కుక్కరుతో సహా ఫ్రిజ్జులో తోశానని నువ్వే చెప్పావు. తప్పు ఫ్రిజ్జుది కాదురా, ఆ తొమ్మిది పది గంటలది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక బాక్టీరియా ఉంటుంది, దాని బీజాలు అన్నం ఉడికే వేడికి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. "మళ్ళీ బాగా వేడి చేసే తిన్నాను కదా" అన్నావు చూడు, అక్కడే అందరూ మోసపోయేది. వేడికి బాక్టీరియా చస్తుందేమో గానీ, వాంతులు చేయించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఫ్రిజ్జు పెట్టినదాన్ని శుభ్రం చెయ్యదు, అప్పటికి అందులో ఉన్న బాక్టీరియా పెరుగుదలని నెమ్మది చేస్తుంది, అంతే. చలిలోనూ పెరిగే లిస్టీరియా లాంటి మొండి ఘటాలు కూడా ఉన్నాయి.

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా ఉండే వేడిలోనే బాక్టీరియాకి పండగ. అందుకే వండింది రెండు గంటల్లోపు లోపలికి పోవాలి, మన చిత్తూరు ఎండల్లాగా 32 దాటితే గంటే. అట్లాగని పొగలు కక్కే కుక్కరు లోపల పెడితే పక్కనున్న పాలు కూడా వేడెక్కుతాయి. అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిస్తే అరగంటలో ఆరుతుంది, అప్పుడు చిన్న డబ్బాలో సర్ది మూత పెట్టు. మర్నాటికి తినెయ్యి. కూర, పప్పు అయితే మూడు రోజులు, అంతకంటే వద్దు. తినేంతే బయటికి తీసి పొగలొచ్చేదాకా వేడి చేసుకో, గిన్నె మొత్తం వేడిచేసి మళ్ళీ లోపల పెట్టి మళ్ళీ తీసి, ఆ తిరుగుడు వద్దు.

మీ అవ్వ కాలంలో ఫ్రిజ్జు ఎక్కడిది? రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టేది, పొద్దున్నే మజ్జిగ కలిపి, పచ్చిమిరపకాయ, ఎర్రగడ్డ నంజుకుని నలుగురికీ సద్ది పెట్టి పొలానికి పంపేది. పొద్దున ఎనిమిదికల్లా కుండ బోర్లించేసేది. ఏది మిగిలినా దాని గడువు ఆమెకి తెలుసు. మనకి తలుపు వేసేస్తే అయిపోయె, లోపల ఏముందో మర్చిపోయె.

నీ ఫ్రిజ్జులో నాబ్ మీద 1 నుంచి 7 దాకా అంకెలున్నాయని అన్నావు. అంకె పెరిగితే చలి పెరుగుతుంది. 1లో పెడితే బాగా చల్లగా ఉంటుందని మన వీధిలో సగం మంది అనుకుంటున్నారు, నేను కూడా నిన్నటిదాకా ఆ సగంలోనే ఉన్నాను. ఒక చిన్న థర్మామీటరు కొనుక్కుని, గ్లాసు నీళ్ళలో ముంచి మధ్య అరలో రాత్రంతా పెట్టు, పొద్దున 4 డిగ్రీలో అంతకంటే తక్కువో చూపిస్తే సరి. ఫ్రీజరు అయితే మైనస్ 18 ఉండాలి. లోపల కుక్కి కుక్కి పెట్టకు, చల్లగాలి గిన్నెల మధ్య తిరగాలి.

ఎక్కడ ఏది పెట్టాలన్నది కూడా విను. పచ్చి చికెన్ ఎప్పుడూ అన్నిటికంటే కింద అరలో, మూత ఉన్న డబ్బాలో. దుకాణంవాడిచ్చిన నల్ల కవరు తీసుకొచ్చి పైన పెడితే దాని నీళ్ళు బొట్టుబొట్టుగా కింద పెరుగులోకి కారతాయి. ఫ్రీజరులో గడ్డకట్టిన చికెన్‌ని సింకులో పడేసి ఆఫీసుకి పోకు, ముందురోజు రాత్రి కింద అరలోకి దించుకో. పాలు తలుపులో వద్దు, తలుపు తెరిచినప్పుడల్లా బయటి గాలి ముందు తగిలేది వాటికే. గుడ్లు పెట్టమని తలుపులోనే గుంటలు చేసిచ్చారు, ఎందుకిచ్చారో నాకైతే అర్థం కాలేదు, అవీ లోపలే పెట్టుకో, కడిగి మాత్రం పెట్టకు, వాడేముందు కడుక్కో. పెంకు మీద సహజంగా ఉండే పల్చటి పొర కడిగితే పోతుంది.

కొత్తిమీర, కరివేపాకు తడి ఆరనిచ్చి పొడి నూలుగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టు, వారం రోజులు పచ్చగా ఉంటాయి. పేపర్లో చుట్టకు, ఆ సిరా తినేవాటికి అంటుతుంది, వార్తాపత్రికలో తిండి చుట్టొద్దని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అదే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, ఎప్పట్నుంచో మొత్తుకుంటోంది. మాగిన మామిడి, టమాటా, యాపిల్ దగ్గర ఆకుకూర పెడితే తొందరగా పసుపెక్కుతుంది, వాటి నుంచి వచ్చే ఎథిలీన్ గ్యాసు అట్లాంటిది. మామిడికాయ బయటే మాగనిచ్చి, పండాక లోపల పెట్టు. ఎర్రగడ్డలు, అరటిపండ్లు, తేనె అసలు ఫ్రిజ్జు మొహం చూడక్కర్లేదు. ఉర్లగడ్డలు కూడా, చలికి వాటిలో పిండి చక్కెరగా మారి వేపుడు తియ్యగా, నల్లగా వస్తుంది. ఉర్లగడ్డ, ఎర్రగడ్డ రెండూ ఒకే బుట్టలో కూడా వద్దు.

కడగడం ఎట్లా అంటావా? ముందు ప్లగ్ పీకెయ్యి. స్విచ్ ఆపితే చాలదా అని అనుకోకు, తడి చేతులు. గాజు అరలు తియ్యగానే వేడినీళ్ళ కింద పెట్టకు, చల్లటి గాజు ఠప్పున పగులుతుంది, పది నిమిషాలు గట్టు మీద ఉండనిచ్చి ఆ తర్వాత కడుగు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి గుడ్డతో తుడిస్తే వాసనా పోతుంది, జిడ్డూ పోతుంది, ఘాటు సబ్బులు వద్దు, ఆ వాసన పాలకి పడుతుంది. ఆ దోశపిండి మరక మాత్రం సోడానీళ్ళ గుడ్డ దాని మీద పావుగంట కప్పి ఉంచితేనే ఊడింది.

తలుపు రబ్బరు సంగతి చెప్పాలి. పైకి తెల్లగానే ఉంది. మడత వేలితో విప్పి చూస్తే లోపల గీత పొడుగునా నల్లటి బూజు, మధ్యలో ఒక ఆవగింజ, ఒక చీమ, రెండు జీలకర్ర గింజలు. పాత టూత్‌బ్రష్‌తో ఒక వైపు తోముకొస్తే నీళ్ళు టీ డికాక్షన్ రంగులో కారాయి, నాలుగు వైపులకీ ముప్పావు గంట పట్టింది. తర్వాత పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూసి లాగి చూశాను, బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, వదులుగా జారిపోతే చల్లదనం కారిపోతున్నట్టు. మనది పైన మూల దగ్గర జారింది. వెనకవైపు అడుగున సన్నటి రంధ్రం ఒకటుంటుంది, లోపల చెమర్చిన నీళ్ళు దాంట్లోంచి వెనక ట్రేలోకి పోయి ఆ మోటారు వేడికి ఆవిరవుతాయి. ఏడాదిగా కూరగాయల ట్రే కింద నీళ్ళు నిలుస్తున్నాయని మీ అమ్మ అంటూనే ఉంది, మెకానిక్‌ని పిలుద్దాం అంటూ నేను వాయిదా వేస్తూనే ఉన్నాను. చెవిలో పెట్టుకునే దూదిపుల్లతో తిప్పితే ఒక మెంతాకు బయటికొచ్చింది. ఒకే ఒక్క మెంతాకు.

నీది సింగిల్ డోర్ కాబట్టి ఇంకొకటి చెప్పాలి, ఇది మీ అమ్మకి తెలియదు, చెప్పొద్దు కూడా. మన మొదటి ఫ్రిజ్జు గుర్తుందా, ఆకుపచ్చది? దాని ఫ్రీజరులో ఐసు కొండలాగా పేరుకునేది. ఒకరోజు ఐస్‌ట్రే ఇరుక్కుపోతే ఓపిక లేక కత్తితో పొడిచాను. ఉస్సుమని సన్నటి శబ్దం. అంతే, గ్యాసంతా పోయింది, ఆ పల్చటి రేకు లోపలే గ్యాసు తిరిగే గొట్టాలుంటాయి మరి. మెకానిక్ వచ్చి చూసి, రిపేరుకి కొత్తదాని ధరలో సగం అన్నాడు. "గ్యాసు దానంతటదే అయిపోయిందంట, పాతదైపోయింది కదా" అని మీ అమ్మకి చెప్పి కొత్తది కొన్నాను. ఇప్పుడొచ్చే ఫ్రిజ్జుల్లో చాలావాటిలో ఉండే గ్యాసుకి మండే గుణం కూడా ఉంది. కాబట్టి ఐసు అర అంగుళం కూడా కాకముందే డీఫ్రాస్ట్ బటన్ నొక్కు, కింద తువ్వాలు పరిచి, తలుపు తీసిపెట్టి, దాన్ని కరగనీ. కత్తి, స్క్రూడ్రైవర్ ఆ దరిదాపులకి రాకూడదు.

కరెంటు పోతే తలుపు తియ్యకు, మూసి ఉంటే నాలుగు గంటలు ఫరవాలేదు. అది దాటి ఇంకా రాకపోతే పాలు, కూర, మాంసం రుచి చూసి తేల్చుకుందామని మాత్రం అనుకోకు, పారెయ్యి.

పన్నెండున్నరకి అయింది నా పని. ఇప్పుడు లోపల పాలు, పెరుగు, ఆరు గుడ్లు, ఒక గిన్నె పిండి, అంతే, తలుపు తీస్తే బల్బు వెలుతురు వెనక గోడ దాకా కనిపిస్తోంది. మీ అమ్మ మంగళవారం వస్తోంది. ఫోన్లో ఇదంతా చెప్పి మెప్పు కోసం ఆగితే "పైన అరలో ఊరిబిండి పెట్టి పోయాను, అది కూడా పారేశారా?" అంది. పారేశాను. ఇంకా బాగానే ఉండిందంట.

వచ్చే ఆదివారం వస్తావు కదా, పోయినసారి నాటుకోడి పులుసు కట్టిచ్చిన మూడు స్టీలు డబ్బాలు మూతలతో సహా తీసుకురా, ఆమె లెక్కపెట్టుకుని ఉంది.

మీ నాన్న