బీపీ ఒకసారి ఆఫీసులో కూడా చూసుకోండి

అందరికీ నమస్కారం. మార్చి ఎండింగ్ కదా, బ్రాంచిలో ఎవరమూ రాత్రి తొమ్మిదిలోపు ఇల్లు చేరడం లేదు. అందుకే ఈ మాట.

ఆదివారం ఇంట్లో నా బీపీ 126/80. మంగళవారం రివ్యూ కాల్ అయిన పావుగంటకు పట్టీ చుట్టుకుని చూస్తే 154/96. నొప్పి లేదు, తల తిరగలేదు. నాకు భయం వేసింది అందుకే. క్లినిక్‌లో నార్మల్‌గా ఉండి, పనిలో ఉన్నప్పుడే పెరిగే బీపీ కూడా గుండెకు చేటేనట, డాక్టరుగారు చెప్పారు. టెన్షన్‌లో అడ్రినలిన్ పెరిగి రక్తనాళాలు బిగుసుకుంటాయి. దానికి తోడు నిద్ర ఉండదు, భోజనం బదులు టీ, బజ్జీలు.

వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లకంటే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో చెప్పాయి. మన గంటలు మీరే లెక్కేసుకోండి.

మెషిన్ నా టేబుల్ సొరుగులో ఉంది. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని చూసుకోండి. మళ్లీ మళ్లీ 140/90 దాటితే డాక్టరును కలవండి. మాత్రలు వాడేవాళ్లు ఈ హడావుడిలో మానేయకండి. ఛాతీ పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.