ర్యాంకు షీటు చూశాక మా అమ్మాయికి

చి.ల.సౌ. అమ్మలుకి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేం క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, చిన్నాడు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

రాత్రి ఫోన్లో సరిగా మాట్లాడుకోలేదు. నీకు గొంతు పూడుకుపోయింది, ఇక్కడేమో మీ నాన్నగారి టీవీ వార్తల గోల. అయినా ఫోన్లో చెబితే సగం నువ్వు వినవు, సగం నేను మర్చిపోతాను. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను. చదివాక అల్లుడుగారికి కూడా చూపించు.

నువ్వు పంపిన ర్యాంకు షీటు ఫోటోని పెద్దది చేసుకుని చూశాను. మూడో తరగతి పిల్లాడికి శనివారం శనివారం పరీక్ష, పరీక్షకో ర్యాంకు, ర్యాంకు పక్కన కిందికి దిగే ఎర్ర బాణం! పోయినవారం 11, ఈ వారం 19 అయిందని నీ బెంగ. సరే, ముందు ఆ షీటునే చదువుదాం. 25 ప్రశ్నలు, ప్రశ్నకి 4 మార్కులు. ఈ వారం 11వ ర్యాంకు వచ్చిన అమ్మాయికి 84, మనవాడికి 76. అంటే ఇద్దరికీ మధ్య తేడా రెండంటే రెండు ప్రశ్నలు. ఇంకో సంగతి చూశావా? 76 వచ్చినవాళ్ళు ఐదుగురున్నారు. ఆ ఐదుగురికీ 15 నుంచి 19 దాకా తలో ర్యాంకు పంచారు. ఏ లెక్కన పంచారా అని చూస్తే రోల్ నంబర్ల వరస. మనవాడి పేరు ఇంగ్లీషు అక్షరాల వరసలో అందరికన్నా వెనక ఉంటుంది కాబట్టి వాడికి 19 తగిలింది. ‘ఎ’తో మొదలయ్యే పేరు పెట్టి ఉంటే నీకు నాలుగు ర్యాంకుల ఏడుపు తప్పేది. (పేరు పెట్టింది మీ అత్తగారు. ఈ మాట వదినగారి దగ్గర అనకు.)

పైగా అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునే బిట్లే. ప్రశ్న చదవకుండా తోచిన గుండ్రాలు నింపుకుంటూ పోయినా సగటున ఆరు తగులుతాయి, అంటే 24 మార్కులు ఊరికే వచ్చేస్తాయి. అలాంటి పేపర్లో 76కీ 84కీ ఉన్న తేడా చూసి పిల్లాడి తెలివిని లెక్కగట్టడం కుదరదు తల్లీ. జలుబు చేసినా అంత తేడా వస్తుంది, ముందురోజు రాత్రి పెళ్ళికెళ్ళి ఆలస్యంగా పడుకున్నా వస్తుంది.

నాకు ర్యాంకు షీటు కంటే నువ్వు తర్వాత పంపిన ప్రశ్నపత్రం ఫోటోలు పనికొచ్చాయి. వాటిని నువ్వు చూసినట్టు లేవు. 52లోంచి 27 తీసేస్తే 35 అని పెట్టాడు. 61లోంచి 38 తీసేస్తే 37 అన్నాడు. 80లోంచి 46 తీసేస్తే 46 అట. పక్కన పెన్సిల్‌తో చేసుకున్న రఫ్ చూడు. పైన 2, కింద 7 ఉంది. రెండులోంచి ఏడు పోదు కదాని ఏడులోంచి రెండు తీసేశాడు. మూడు లెక్కల్లోనూ అదే పని. అజాగ్రత్త అని వాణ్ణి కోప్పడ్డావట. అజాగ్రత్తగా చేసేవాడు ఒక్కోచోట ఒక్కో తప్పు చేస్తాడు. వీడు ఒకే పద్ధతిని మూడుచోట్లా నమ్మకంగా పాటించాడు. పద్ధతే తప్పు. మూడో తరగతిలో ప్రతి ఏడూ కొందరు ఇలా చేస్తూనే ఉంటారు, పేపరు తయారుచేసినవాళ్ళకీ ఆ సంగతి తెలుసు, అందుకే 35ని ఆప్షన్లలో పెట్టారు.

పోయిన 24 మార్కుల్లో 12 ఈ ఒక్కదానికే పోయాయి. అప్పు తెచ్చుకోవాలిరా అని నోటితో వందసార్లు చెప్పినా వాడికి ఎక్కదు. డబ్బులతో చూపించు. ఐదు పదిరూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్ళలు వాడి చేతిలో పెట్టు. నువ్వు కొట్టు పెట్టుకో. 27 రూపాయలు ఇమ్మను. రెండు నోట్లు ఇచ్చేస్తాడు, ఏడు బిళ్ళల కోసం వెతుక్కుంటాడు. అక్కడ తొందరపెట్టకు, సాయం చెయ్యకు, నోరు మూసుకుని కూర్చో. కాసేపటికి నోటుకి చిల్లర ఇమ్మని వాడే అడుగుతాడు. పది బిళ్ళలు ఇవ్వు. లెక్క తీరాక అదే పనిని పక్కనే కాగితం మీద అంకెల్లో రాయించు. పై 2 పన్నెండు ఎందుకైందో, 5 నాలుగు ఎందుకైందో వాడి చేతనే చెప్పించు. రోజుకి రెండు లెక్కలు చాలు, ట్యూషన్ అక్కర్లేదు.

మిగతా తప్పుల్లో ఒకటి ‘కింది వాటిలో కానిది ఏది’ అన్న ప్రశ్న. ‘కానిది’ చూసుకోలేదు. ఇంకోటి మెట్రో రైలు టికెట్టు గురించి. నరసాపురం రేవులో పంటు మీద సఖినేటిపల్లి వచ్చే పిల్లాడికి మెట్రో రైలు ఏం తెలుసు! ఆ ప్రశ్న గురించి నేనసలు పట్టించుకోను.

నువ్వు పేపర్లో చదివి భయపడ్డ వార్త సంగతి చెబుతాను. పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి 2024 డిసెంబరు 4న దేశమంతా జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అది. 781 జిల్లాల్లో, 74 వేల పైచిలుకు బళ్ళలో, 21 లక్షల మందికి పైగా 3, 6, 9 తరగతుల పిల్లల చేత రాయించారు. మూడో తరగతిలో 99 లోపు అంకెల్ని వరసలో పెట్టగలిగినవాళ్ళు 55 శాతం, రెండంకెల కూడికలు తీసివేతలు చేయగలిగినవాళ్ళు 58 శాతం అని తేలింది. నిజంగానే ఆలోచించాల్సిన లెక్క. కానీ ఎవరు ఆలోచించాలి? ఇంతమందికి రాలేదంటే చెప్పే తీరు, పుస్తకాలు, టీచర్ల కొరత చూసుకోవాల్సింది పైవాళ్ళు. అంతకుముందు నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే అనేవారు. 2021 నవంబరు 12న మా బడికి కూడా వచ్చారు. బయటినుంచి వచ్చినవాళ్ళే పిల్లల్ని కూర్చోబెట్టి రాయించి, పేపర్లు పట్టుకెళ్ళిపోయారు. తర్వాత ఒకాయన వచ్చి ‘మావాడికి ఎన్నొచ్చాయండీ టీచర్ గారూ’ అని అడిగాడు. ఇందులో పిల్లలకి విడిగా మార్కులివ్వరండీ, జిల్లాకి ఎంత, రాష్ట్రానికి ఎంత అనే చెబుతారు అన్నాను. ‘ఆయ్, అయితే మావాడు పాసో ఫెయిలో తెలీదన్నమాట’ అని నిరాశగా వెళ్ళిపోయాడు.

ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా. అది గోదారి సంగతి. మన పెరట్లోకి నీళ్ళొచ్చాయో లేదో పెరట్లోకెళ్ళి చూసుకోవాల్సిందే. ఈ సర్వేలు కూడా అంతే. వాటిలో మనవాడు లేడు.

వరదంటే గుర్తొచ్చింది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందే, అప్పుడు లంకల్లో ఇళ్ళు మునిగి పిల్లలు పునరావాస కేంద్రాల్లో పడుకున్నారు. ఆ తర్వాత పెట్టిన ఫార్మేటివ్ పరీక్షలో, అదే ఏడాది మధ్యలో పెట్టేదాంట్లో, మా లంక పిల్లల మార్కులు బాగా పడిపోయాయి. బడే జరగకపోతే, పుస్తకాలు తడిసి ముద్దయితే ఏం రాస్తారు పాపం? మార్కుల రిజిస్టరులో కారణం రాయడానికి గడి ఉండదు. నేను పెన్సిల్‌తో పక్కన రాసుకున్నాను, ఎవరికి ఏ పాఠం పోయిందో. మళ్ళీ ఆ పాఠాలు చెప్పాను. పరీక్ష నాకు ఆ పనికి బాగానే ఉపయోగపడింది. ర్యాంకులు వేసి గోడకి అంటించి ఉంటే ఎవరికి ఉపయోగం?

ఇక నవోదయ కోచింగ్, అదే కేంద్ర ప్రభుత్వం వాళ్ళ హాస్టలు బడిలో సీటు కోసం ఇప్పించేది. మీ వీధిలో రెండో తరగతి నుంచే చేరుస్తున్నారన్నావు. పెదవేగిలో ఉన్నదైనా, ఇటు పెద్దాపురంలో ఉన్నదైనా, నవోదయలో ఆరో తరగతికి ఏడాదికి 80 మందికి మించి తీసుకోరు. రెండు గంటల పరీక్ష, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు బొమ్మలు పోల్చే మేధాశక్తి బిట్లకే. పిల్లాడు ఒక్కసారే రాయాలి, రెండోసారి రాయనివ్వరు. కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవి. ఆ కోటాలోకి రావాలంటే 3, 4, 5 తరగతులు మూడూ పల్లెలోనే చదివి ఉండాలి. భీమవరంలో చదివే మనవాడికి మిగిలేది ఎంత? ఉన్న కాసిని సీట్లకి మనుషుల్ని ఏరడానికి పెట్టిన పరీక్ష అది. సీటు రానివాడికి చదువు రాదని దాని అర్థం కాదు. వాడికి ఇష్టమైతే ఐదో తరగతిలో పాత పేపర్లు నేనే చేయిస్తాను. ఇప్పట్నుంచీ సాయంత్రాలు ఆ బొమ్మల బిట్లకి పోస్తే ఆటలు పోతాయి, తీసివేతలు ఎలాగూ రావు.

చట్టం కూడా నీకు తెలియాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎలిమెంటరీ చదువు, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్ణీ బోర్డు పరీక్ష పాసవమని అడగకూడదు. 2019లో సవరణ చేసి ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టుకునే వీలిచ్చారు. మూడో తరగతి శనివారం ర్యాంకు మీ స్కూలువాళ్ళ సొంత సరదా.

అలాగని పరీక్షలన్నీ దండగని నేననను. మూడో తరగతి దాటేలోపు పిల్లాడు తనంతట తాను చదివి అర్థం చేసుకోలేకపోతే అది పెద్ద గండమే. నాలుగో తరగతి నుంచి అన్ని సబ్జెక్టులూ చదివి తెలుసుకోవాల్సినవే కదా. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకంలోనూ మూడో తరగతి చివరికి ఏం రావాలో రాశారు. నిమిషానికి కనీసం 60 మాటలు అర్థమయ్యేలా చదవాలి, 9999 దాకా అంకెలు చదివి రాయగలగాలి. నిమిషానికి 60 అన్నారు కదాని నువ్వు ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టేవు! 2022లో మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కర్నే కూర్చోబెట్టి చదివించిన సర్వేలో 20 భాషలకి భాషకో వేగం పెట్టారు. మన మాటల పొడుగు వేరు.

నేను దసరాకి వాడు వచ్చినప్పుడే చదివించి చూశాను. ఇంగ్లీషు పాఠం గడగడా అప్పజెప్పాడు, అడిగితే అర్థం చెప్పలేదు. అప్పుడు రెండో తరగతి తెలుగు కథ ఇచ్చాను. వత్తులొచ్చినచోట ఆగిపోతున్నాడు. పెదాలు కదుపుకుని, వేలు పెట్టుకుని, మళ్ళీ ముందుకెళ్తున్నాడు. చాలాసేపు పట్టింది. అయ్యాక పుస్తకం మూసి ‘అమ్మమ్మా, ఆ నక్కకి బొత్తిగా సిగ్గులేదు’ అన్నాడు. నేను ఏమీ అడగలేదు. కథ బుర్రకెక్కింది కాబట్టి నాకు బెంగ లేదు. వత్తులకి రోజూ పడుకోబోయే ముందు ఒక పేజీ చదివితే సరిపోతుంది. తప్పు చదివినప్పుడల్లా ఆపకు, వాక్యం పూర్తవనివ్వు.

అసలు నాకు నిద్రపట్టనివ్వని మాట నువ్వు ఫోన్ పెట్టేసే ముందు అన్నావు. శనివారం పొద్దున్నే వాడికి కడుపునొప్పి వస్తోందని, సిరప్పు పోస్తున్నానని. ఆదివారం ఎప్పుడైనా వచ్చిందా ఆ నొప్పి? రాకపోతే సిరప్పు మానెయ్. ఆదివారం కూడా వస్తే డాక్టరుకి చూపించు. శుక్రవారం రాత్రి అన్నం దగ్గర ప్రశ్నలు అడగకు. స్కూలు గేటు దగ్గర ‘ఎన్నొచ్చాయిరా’ అనకు, అల్లుడుగారిని కూడా అననివ్వకు. మీ ఆడపడుచు వాళ్ళమ్మాయికి 98 వచ్చిందని ఫ్యామిలీ గ్రూపులో పెడితే సంతోషంగా ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకో. మనవాడి షీటు మాత్రం అందులో పెట్టకు. ఆ గ్రూపు వాడూ చూస్తున్నాడు, నీ ఫోన్ లాక్ వాడికి తెలుసు.

పేరెంట్స్ మీటింగుకి అల్లుడుగారిని తీసుకెళ్ళు. ర్యాంకు ఎలా పెంచాలి అని అడిగితే వాళ్ళు ఇంకో పుస్తకాల సెట్టు అంటగడతారు. తీసివేతలు ఎలా నేర్పుతున్నారు, డౌటొస్తే వాడు నోరు విప్పి అడుగుతున్నాడా, మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటున్నాడు, ఇవి అడుగు. క్లాసులో ర్యాంకులు పైకి చదవొద్దని కూడా చెప్పు. మర్యాదగానే చెప్పు, గట్టిగానే చెప్పు. ఆ టీచరమ్మాయి మీద అరవకు, ఆ బాణాలు ఆవిడ గీసినవి కావు. ఆవిడకీ పైనుంచి ఒత్తిడి ఉంటుంది.

శుక్రవారం మీ నాన్నగారు పాలకొల్లులో పని చూసుకుని మీ ఇంటికి వస్తారు. ఒక డబ్బాలో రూపాయి బిళ్ళలు, పదినోట్లు పంపుతున్నాను. మీ ఇంట్లో అంతా ఫోన్‌పేనే కదా, చిల్లర దొరకదు. లెక్క అయ్యాక అవి వాడివే అని చెప్పు, లేకపోతే కొట్టు ఆట రెండోరోజే మానేస్తాడు.

ఇట్లు,
మీ అమ్మ