ఆధార్ అడిగితే దొంగ దొరుకుతాడా?

సంపాదకుల వారికి,

సోషల్ మీడియా ఖాతాలన్నిటినీ ఆధార్‌తో ముడిపెడితే తప్ప ఫేక్‌గాళ్ల బెడద వదలదని పోయిన వారం ఈ శీర్షికలో ఒకాయన రాశారు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి.

2023 శ్రావణంలో ఒక పొద్దున మా బావమరిది ఫోన్ చేసి, "బావా, ఏ ఆస్పత్రిలో ఉన్నావ్?" అన్నాడు. నేను పెరట్లో కరివేపాకు కోస్తున్నాను. మనవరాలి అన్నప్రాసన నాడు పట్టుపంచెతో దిగిన నా ఫొటో పెట్టి, నా పేరుతోనే ఎవడో ఖాతా తెరిచాడట. "బ్రో, అర్జెంట్, పదిహేను వేలు పంపు, రేపు పొద్దున్నే వేసేస్తా" అని తెలిసినవాళ్లందరికీ మెసేజ్‌లు. మావాడు పంపలేదు. "నలభై ఏళ్లలో నన్నెప్పుడైనా బ్రో అన్నావా బావా!" అని ఒకటే నవ్వు. నాతోపాటు పనిచేసిన ఒంగోలు మిత్రుడు మాత్రం అయిదు వేలు పంపేశాడు. మంచాన ఉన్నవాణ్ణి డబ్బు ముట్టిందా అని అడగడానికి మొహమాటపడి రెండు రోజులు ఊరుకున్నాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేసరికి ఆ సొమ్ము ఎన్ని చేతులు మారిందో!

ఇందులో పేరు దాచింది ఎవరు? పేరు నాది, ముఖం నాది, ఊరు కూడా మాదే. డబ్బు పడిన బ్యాంకు ఖాతాకు కేవైసీ, అంటే గుర్తింపు కార్డుల పరిశీలన, లేకపోలేదు కదా. కమీషన్‌కి ఆశపడి ఖాతాలు అద్దెకిచ్చేవాళ్లున్నంత కాలం ఆధార్ కార్డులకూ కొదవుండదు. దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లకు అసలు పేరు నిబంధన పెట్టింది. 2011లో అక్కడ ఒక్క దెబ్బకు మూడున్నర కోట్ల మంది వివరాలు హ్యాకర్ల పాలయ్యాయి. మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధననే కొట్టేసింది.

నేను తపాలా శాఖలో 34 ఏళ్లు చేశాను. ఆకాశరామన్న ఉత్తరాలు ఎన్ని చూశానో లెక్కలేదు. స్టాంపు కూడా అంటించకుండా వేసేవాళ్లు, తిట్లు తిన్నవాడే దానికి రెట్టింపు చార్జీ కట్టుకోవాలి! కుదిరిన సంబంధాలు చెడగొట్టినవీ ఉన్నాయి. కానీ వేటపాలెం దగ్గర ఒక ఊళ్లో రేషన్ కిరోసిన్ రాత్రిపూట లారీకెక్కుతోందని తహసీల్దారుకు వెళ్లింది కూడా సంతకం లేని కార్డే. చిరునామాలో 'ళ'కు తోక సాగదీసి రాసిన ఆ రాత ఎవరిదో డబ్బాలోంచి తీస్తూనే పోల్చుకున్నాను. డీలరు మనుషులు వచ్చి టీ ఇప్పించి మరీ అడిగారు. టీ తాగాను, పేరు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పను. సంతకం పెట్టాల్సిందేనంటే ఆ మనిషి కార్డు రాసేవాడే కాదు.

ఎవరైనా తన పేరుతో నకిలీ ఖాతా నడుస్తోందని ఫిర్యాదు చేస్తే సోషల్ మీడియా కంపెనీలు 24 గంటల్లోగా చర్య తీసుకోవాలని అప్పటికే 2021 ఐటీ నియమాల్లో రాసి ఉండేది. నా విషయంలో నేనూ, మావాళ్లు ఇరవై మందీ రిపోర్ట్ కొట్టాం. "ఈ ఖాతా మా నియమాలకు విరుద్ధంగా లేదు" అని జవాబొచ్చింది. తొమ్మిదో రోజున ఖాతా పోయింది. వాళ్లే తీశారో, పని అయిపోయి వాడే మూసుకున్నాడో తెలియదు. పేరు చూసి ఉత్తరం ఇవ్వడం నేర్చుకున్న మా పోస్ట్‌మ్యాన్‌ను కూడా ఒక్క మనియార్డరు తేడాగా ఇస్తే సంజాయిషీ అడిగేవాళ్లం. వీళ్లను అడిగేదెవరు? ముందు ఆ నియమాల్లోని గడువు మాట నిలబెట్టించమనండి, ఆధార్ సంగతి తర్వాత చూద్దాం.

నా పేరు, చిరునామా, ఫోన్ నంబరు కవరు వెనక రాశాను, సరిచూసుకోండి. అచ్చులో మాత్రం వేయొద్దు. ఒకసారి పోగొట్టుకున్నది చాలు.

ఇట్లు,
విశ్రాంత సబ్ పోస్ట్‌మాస్టర్,
చీరాల