కొత్త బడిలో మూడు వారాలు: నా చెయ్యి పట్టుకుని నడిపించినవాళ్ళకి

కొత్త బడిలో చేరి మూడు వారాలైంది. ఈ మాటలు మొదటి రోజే రాద్దామని కూర్చున్నాను. కానీ అప్పుడు నాలుగు లైన్లు రాసేసరికి కళ్ళు చెమర్చి పక్కన పెట్టేశాను. ఇప్పుడు కాస్త కుదురుకున్నాను. ఈ మూడు వారాల్లోనూ, అంతకు ముందు రెండు వారాల్లోనూ నాకు సాయం చేసినవాళ్ళకి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోకపోతే మనసొప్పడం లేదు. పేర్లు రాయొద్దని వాళ్ళలో ఇద్దరు గట్టిగా చెప్పారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతో వాళ్ళకే తెలుస్తుంది.

పదకొండేళ్ళు ఒకే బడిలో లెక్కలు చెప్పాను. మారాలన్న నిర్ణయం నాదే, ఎవరూ బలవంతం చేయలేదు. ఇంటికి దగ్గరవుతుంది, పై తరగతులకి చెప్పాలన్న కోరిక కూడా తీరుతుంది. ఆర్డర్ చేతికొచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో అందరికీ నవ్వుతూ చెప్పాను. రాత్రి పడుకున్నాక మాత్రం ఒక్కటే ఆలోచన. ఏడో తరగతికి భిన్నాలు సగంలో ఉన్నాయి. నా చిన్నప్పుడు మా లెక్కల సార్ ఏడాది మధ్యలో వెళ్ళిపోయారు. ఎందుకెళ్ళారో, మళ్ళీ వస్తారో లేదో మాకు ఎవరూ చెప్పలేదు. చాలా రోజులు ఆ పీరియడ్ రాగానే తలుపు వైపు చూసేవాళ్ళం. ఇప్పుడు నేనూ అదే పని చేస్తున్నానా అనిపించింది. సంతోషం అబద్ధం కాదు, ఆ బాధా అబద్ధం కాదు. రెండూ ఒకేసారి ఉంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

పిల్లలకి చివరి రోజు చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను. ముందే చెబితే చదువు మీద మనసు పెట్టరు, ఏడుపులు మొదలవుతాయి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మా హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకోలేదు. "మీకు ఇబ్బందిగా ఉంటుందని దాస్తున్నారమ్మా, వాళ్ళ కోసం కాదు. రెండు వారాల ముందే చెప్పండి, అడగాల్సినవన్నీ అడగనివ్వండి" అన్నారు. ఆయన మాట నాకు గుచ్చుకుంది, కానీ నిజం. మర్నాడు క్లాసులో చెప్పాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రెండో బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మా మీద కోపమొచ్చి వెళ్ళిపోతున్నారా టీచర్?" అని అడిగింది. అంతకు ముందు వారం హోంవర్క్ విషయంలో క్లాసంతటినీ గట్టిగా కోప్పడ్డాను. ఆ పిల్ల అది మనసులో పెట్టుకుంది. కాదమ్మా, మీ వల్ల కాదు, కారణం ఇదీ అని అన్నీ విడమరిచి చెప్పాను. చివరి రోజు చెప్పి ఉంటే ఆ ప్రశ్న అడిగే వ్యవధి ఉండేది కాదు. తన వల్లే టీచర్ వెళ్ళిపోయిందని ఆ పిల్ల ఎన్నాళ్ళు అనుకునేదో! సార్, ఆ ఒక్క మాటకి మీకు జన్మంతా రుణపడి ఉంటాను.

బడి మారేటప్పుడు రిజిస్టర్లు అప్పగిస్తాం, బీరువా తాళాలు అప్పగిస్తాం, ల్యాబ్ సామాను లెక్క చూసి సంతకాలు పెడతాం. పదకొండేళ్ళుగా పిల్లల గురించి తెలుసుకున్నదంతా అప్పగించడానికి మాత్రం ఒక్క ఫారం కూడా లేదు. అందుకే నా క్లాసు తీసుకోబోతున్న టీచర్ కోసం ఒక లాంగ్ నోట్‌బుక్ కొని, పిల్లకో పేజీ చొప్పున రాయడం మొదలుపెట్టాను. ఆమె నాకంటే చాలా చిన్నది, ఉద్యోగంలో చేరి మూడేళ్ళే. మొదటి నాలుగు పేజీలు చూపించాను. "వీక్", "శ్రద్ధ తక్కువ", "చురుకు", "బద్ధకం" ఇలా ఉన్నాయి. చదివి నెమ్మదిగా మూసేసింది. "మేడం, ఇది చదివాక వీడిని నేను మామూలుగా చూడలేను కదా" అంది.

తర్వాత ఆమె ట్రైనింగ్‌లో చదివిన ఒక సంగతి చెప్పింది. రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జేకబ్సన్ అనే ఇద్దరు 1968లో ప్రచురించిన అధ్యయనం అది. ఒక ప్రాథమిక పాఠశాలలో కొందరు పిల్లల్ని ఊరికే చీటీలు తీసినట్టు ఎంచుకుని, 'ఈ ఏడాది వీళ్ళు బాగా ఎదుగుతారు' అని టీచర్లకి చెప్పారట. ఏడాది చివర పరీక్ష పెడితే, ముఖ్యంగా ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే ఎక్కువ మెరుగుపడ్డారట. ఆ ప్రభావం ఎంత అన్నదాని మీద తర్వాత చాలా వాదనలు జరిగాయని కూడా తనే చెప్పింది. "ఎంతైనా కానీ మేడం, నేను వాళ్ళ దగ్గరికి ఆ మాటలు మోసుకెళ్ళను. వాడు ఎలాంటివాడో రాయకండి. వాడికి ఏది ఎక్కడ ఆగిపోతోందో రాయండి" అంది.

ఆ నాలుగు పేజీలూ చింపేశాను. ఐదు సాయంత్రాలు ఇద్దరం బడి వదిలాక కూర్చున్నాం. "1/3 కంటే 1/4 పెద్దదంటుంది, 3 కంటే 4 పెద్దది కదా అని. కాగితం మడిచి చూపిస్తే ఒప్పుకుంటుంది, వారం తర్వాత మళ్ళీ మర్చిపోతుంది." "0.5 కంటే 0.45 పెద్దదంటాడు, 45ని చూసి. మీటర్ స్కేలు మీద పెట్టమంటే తప్పు చేయడు." "జవాబు తెలిసినా చెయ్యెత్తదు. పక్కకెళ్ళి మెల్లగా అడగాలి." ఇలా 41 పేజీలు. ఒక్కో పేజీ రాయాలంటే ఒక్కో పిల్లని తలుచుకుని ఆలోచించాల్సి వచ్చింది. కొందరి గురించి రాయడానికి నా దగ్గర ఒక్క వాక్యం కూడా లేదని అప్పుడే తెలిసింది. చివరి వారం వాళ్ళ పక్కన వెళ్ళి కూర్చున్నాను. అమ్మాయ్, వయసులో చిన్నదానివైనా ఆ ఐదు సాయంత్రాలు నువ్వే నాకు టీచర్‌వి. నీ చేతుల్లో పెట్టి వచ్చాను కాబట్టే నేనిక్కడ రాత్రిళ్ళు నిద్రపోతున్నాను.

ఇక కొత్త బడి. మొదటి రోజు టెన్షన్ ఎంతంటే, ఇన్నేళ్ళ అనుభవం ఎటుపోయిందో తెలియదు. క్లాసులో అన్నీ కొత్త ముఖాలే. నేనేం చేసినా "పాత సార్ ఇలా చేయరు టీచర్" అని ఒకటే మాట. రెండో రోజుకి గొంతు పూడుకుపోయింది. పక్క క్లాసు సోషల్ మేడం అది గమనించారు. మర్నాడు పొద్దున్నే నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టారు. బెంచీల బొమ్మ గీసి, ఎవరెక్కడ కూర్చుంటారో పెన్సిల్‌తో పేర్లు రాసి ఉంది. సీట్లు మారితే చెరిపి రాసుకోవచ్చని పెన్సిల్‌తో రాశారట. మూడు రోజులు తన ఖాళీ పీరియడ్‌లో వచ్చి వెనక బెంచీలో పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు, ఎవరినీ అదలించలేదు. ఊరికే ఉన్నారు. ఆ ఊరికే ఉండడం నాకెంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. "సార్‌ని తలుచుకోనివ్వండి మేడం. ఆయన్ని మర్చిపోయే పిల్లలైతే రేపు మిమ్మల్నీ మర్చిపోతారు" అన్నారు వెళ్ళేటప్పుడు. అప్పటినుంచి "పాత సార్ ఎలా చేసేవారు?" అని నేనే అడుగుతున్నాను. కొన్ని నా పద్ధతికంటే బాగున్నాయి, అవి అలాగే ఉంచాను.

ఏ గదిలో ఫ్యాన్ తిరగదో, ఏ తాళం ఎటు తిప్పితే వస్తుందో చెప్పిన అటెండర్ గారికి, మూడు వారాలు నా చిరాకంతా భరించిన మావారికీ పిల్లలకీ కూడా కృతజ్ఞతలు.

నాలుగో రోజు బోర్డు మీద 8 + 4 = ☐ + 5 అని రాసి, గడిలో ఏముండాలో నోట్‌బుక్‌లో రాయమన్నాను. బెంచీల మధ్య తిరుగుతూ చూస్తే చాలామంది 12 రాశారు, ఇద్దరు ముగ్గురు 17 రాశారు. సమానం గుర్తు అంటే 'ఇక్కడ జవాబు రాయాలి' అనుకునే పిల్లలే ఎక్కువ. రెండు వైపులా ఒకే విలువ ఉండాలి, గడిలో 7 రావాలి అన్నది మెల్లగా తెలుస్తుంది. పాత బడిలో ప్రతి ఏడూ చూసిన 12 అది. ఇన్ని కొత్త ముఖాల మధ్య నాకు బాగా తెలిసిన ఒక తప్పు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చింది. దీన్ని ఎలా విప్పాలో నాకు తెలుసు అనుకున్నాను. ఆ రోజు గంట కొట్టిందాకా గడియారం చూడలేదు.

ఇంకా పూర్తిగా ఇక్కడి మనిషిని కాలేదు. మొన్న ఇక్కడి పిల్లని అక్కడి పిల్ల పేరుతో పిలిచాను. "నా పేరు అది కాదు టీచర్, కానీ పర్లేదు" అని వచ్చి నోట్‌బుక్ ఇచ్చింది. ఆ మంచితనానికి నీకు కూడా థ్యాంక్స్ తల్లీ. నీ పేరు ఇక మర్చిపోను.

పాత బడిలో ఆఖరి పీరియడ్‌లో పిల్లల్ని ఒకటి అడిగాను: రెండు బేసి సంఖ్యలు కూడితే ఎప్పుడూ సరి సంఖ్యే ఎందుకొస్తుంది? "చేసి చూశాం టీచర్, ప్రతిసారీ అంతే వచ్చింది" అన్నారు. చేసి చూస్తే సరిపోదు, ఎందుకో చెప్పాలి అన్నాను. ఇంతలో గంట కొట్టేశారు. ఆ ప్రశ్న బోర్డు మీదే ఉండిపోయింది. నిన్న రాత్రి అక్కడి టీచర్ ఫోటో పంపింది. బోర్డు మూలలో నా చేతిరాత అలాగే ఉంది, ఇన్నాళ్ళూ చెరపనివ్వలేదట. దాని కింద పిల్లలు గీసిన చుక్కలు. ఒకవైపు ఏడు, ఇంకోవైపు ఐదు. రెండేసి చుక్కల్ని జత కలిపి సున్నాలు చుట్టారు. అటు ఒకటి, ఇటు ఒకటి మిగిలిపోయాయి. ఆ రెంటి మధ్యా రంగు చాక్‌పీస్‌తో ఒక గీత గీశారు. గీసింది ఎప్పుడూ చెయ్యెత్తని ఆ పిల్లేనట.