కరపత్రంలో కొలతలు కూడా ఉండాలి

మాంసం మానేయమంటూ బెంగళూరులో పంచుతున్న కరపత్రాల్లో ఏం మానాలో ఉంటోంది గానీ బదులుగా ఏం తినాలో, ఎంత తినాలో ఉండడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి; 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. మారతహళ్లి పీజీ హాస్టళ్లలో మన తెలుగు పిల్లలు కోడికూర మానేసి అన్నం, సాంబారు, బంగాళాదుంప వేపుడుతో సరిపెట్టుకుంటున్నారు. కిలో కందిపప్పుతో 40 మందికి సాంబారు కాస్తే తలా 25 గ్రాముల పప్పు, అందులో మాంసకృత్తులు ఐదున్నర గ్రాములే. గరిటె అడుగుదాకా పోనివాడికి అదీ లేదు! అన్నంలోది కలుపుకున్నా లెక్క నిండదు. అదే 25 గ్రాముల మీల్‌మేకర్‌లో 12 గ్రాముల పైనే ఉంటాయి. తిన్న వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే పప్పులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంట ఆగాలి, కూరలో నిమ్మకాయ పిండుకోవాలి. పాలు, పెరుగు కూడా వదిలేసే వీగన్ల సంగతి వేరు. విటమిన్ బి12 మొక్కల్లో దొరకదు, ఇడ్లీపిండి పులిస్తే వస్తుందని నమ్ముకోకూడదు. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కనుక లోపం మొదట్లో తెలియదు, అరికాళ్లు తిమ్మిరెక్కాక గానీ డాక్టరు దగ్గరికి పోరు. ప్రచారకులు కరపత్రం వెనకవైపు కన్నడ, తెలుగు, తమిళాల్లో ఈ కొలతలనూ, వీగన్లకు బి12 మాత్ర తప్పదన్న మాటనూ అచ్చువేయాలి. పీజీ యజమానులు వారానికి మూడు రోజులైనా రాత్రి నానబెట్టిన శనగలో మీల్‌మేకరో వడ్డించాలి.

– ఒక పాఠకుడు, బెంగళూరు