ఎలుగుబంటికి ఇల్లు కట్టిన సంగతి

కడప

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది ఇరవై రోజులు దాటింది. ఇంత ఆలస్యానికి కారణం ఒక ఎలుగుబంటి అంటే నువ్వు నవ్వుతావు గానీ, నిజం అదే. తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్దమ్మాయికి జీవశాస్త్రం ప్రాజెక్టు ఇచ్చారు. ఒక జంతువును ఎంచుకొని, జంతుప్రదర్శనశాలలో అది ఉండడానికి తగిన ఆవాసాన్ని నమూనాగా చేసి చూపాలి. తోటి పిల్లలు పులి, సింహం అని పేర్లు ఇస్తే, ఇది ఎలుగుబంటి అని రాయించుకొని వచ్చింది. మన లంకమలలో, నల్లమలలో తిరిగే జంతువు ఉండగా గుజరాత్ దాకా పోయి సింహాన్ని తేవడం ఎందుకని దాని వాదన. దానిది భల్లూకపు పట్టు అని నీకు తెలుసు కనుక, నేను మారు మాట్లాడలేదు.

మొదటి నమూనా నేనే కట్టాను. థర్మోకోల్ పలక మీద ఆకుపచ్చ రంగు పూసి, మధ్యలో ఎత్తుగా ఒక బండ పెట్టి, పక్కన అద్దం ముక్కతో చెరువు చేసి, చుట్టూ జనం నిలబడేందుకు కటకటాలు నాటాను. అమ్మాయి దాన్ని నాలుగు వైపుల నుంచీ చూసి, "నాన్నా, ఇందులో ఎలుగుబంటి దాక్కోవాలంటే ఎక్కడికి పోవాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఏ మూల నిలబడినా నాలుగు దిక్కులా జనమే కనిపించేట్టు కట్టాను మరి.

ఆ రాత్రి ఇద్దరమూ కూర్చొని ఎలుగుబంటి గురించి చదివాము. దాని కంటిచూపు, వినికిడి అంతంత మాత్రమే; బతుకంతా ముక్కు మీదనే నడుస్తుంది. చెదపుట్టను వాసనతో పసిగట్టి, మూడు నాలుగు అంగుళాల గోళ్ళతో తవ్వి, ముందు ఉఫ్ మని మట్టిని ఊదేసి, ఆ తరువాత మట్టి పోకుండా ముక్కు రంధ్రాలు మూసుకొని, పెదవులను గొట్టంలా చాపి చెదలను పీల్చేస్తుందట. ఆ పీల్పుకు అడ్డు లేకుండా పై వరుసలో మధ్య పళ్ళు రెండు దానికి ఉండనే ఉండవు. ఆ చప్పుడు వంద మీటర్లకు పైగా వినిపిస్తుందని చదివినప్పుడు, మా నాయన పళ్ళెంలో చారు జుర్రే చప్పుడు గుర్తుకొచ్చి ఇద్దరమూ చాలాసేపు నవ్వుకున్నాము. ఆ గోళ్ళను, ఆ లేని పళ్ళను చూసే 1791లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని చెట్లకు వేలాడే స్లాత్ జాతి జంతువు అనుకొని పేరు పెట్టాడు. ఆ పొరపాటు స్లాత్ బేర్ అన్న పేరులో ఇప్పటికీ మిగిలి ఉంది.

మిత్రమా, మన చిన్నప్పుడు వీధిలోకి ఎలుగుబంటిని ఆడించేవాడు వచ్చేవాడు, జ్ఞాపకం ఉందా? పిల్లలకు జడుపు తగ్గుతుందని పెద్దవాళ్ళు దాని వెంట్రుక తాయెత్తులో కట్టించేవారు. నిన్ను దాని వీపు మీద కూర్చోబెట్టినప్పుడు నువ్వు ఏడ్చిన ఏడుపు వీధి చివరకు వినబడింది. దాన్ని నడిపించిన తాడు దాని మూతిని తొలిచి వేసిన తాడు. లోకమంతా ఏ ముక్కుతో తెలుసుకుంటుందో ఆ ముక్కుకే తాడు వేశారని ఇన్నేళ్ళ తరువాత, కూతురి నోట్సు చదువుతుంటే నాకు తట్టింది. అమ్మాయికి ఆ సంగతి చెప్పాను. నిన్ను వీపు మీద కూర్చోబెట్టిన సంగతి కూడా చెప్పాను, ఏమీ అనుకోకు.

రెండో నమూనా పూర్తిగా అమ్మాయిదే. సెంటీమీటరుకు మీటరు చొప్పున కొలత పెట్టుకొని, జనం నిలబడే చోటును ఒకే వైపుకు కుదించి, మిగిలిన మూడు వైపులా రేగు, తునికి, నేరేడు, రేల చెట్లు వేసింది. ఎలుగుబంటి తినే పండ్లు అవే కదా. కటకటాలకు బదులు లోతైన పొడి కందకం తవ్వింది. జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ అనే జంతువుల వ్యాపారి 1907లో ఇనుప ఊచలు తీసేసి కందకాలతో జంతుప్రదర్శనశాల తెరిచాడని ఎక్కడో చదివిందట. అయితే నీడ బాగుంటుందని నేరేడు చెట్టును కందకం అంచునే నాటింది. ఎలుగుబంటి తేనెపట్టు కోసం ఎంత ఎత్తుకైనా ఎక్కుతుంది, ఆ కొమ్మ మీద నుంచి దూకితే చూసేవాళ్ళ మధ్యలోనే పడుతుంది అని నేను చెబితే, నాలుక కరుచుకొని చెట్టును లోపలికి జరిపింది. ఈ ప్రాజెక్టులో నా మాట చెల్లింది అక్కడ ఒక్కచోటే.

గుహ దగ్గర మాత్రం పెద్ద వాదన జరిగింది. కడపలో పుట్టి కడప బండ వాడకపోతే ఎట్లా అని నేను నల్లబండ ముక్కలు తెచ్చి ఇచ్చాను. అది ఏమీ అనకుండా రెండు ముక్కలను మిద్దె మీద పెట్టి, ఒకదాని మీద తడిపిన గోనెపట్టా కప్పి, మధ్యాహ్నం రెండు గంటలకు నన్ను పైకి పిలిచి, చెయ్యి పెట్టమంది. కప్పని బండ మీద నా అరచెయ్యి క్షణం కూడా నిలవలేదు. నల్లని బొచ్చు కప్పుకున్న జంతువును నల్లని బండ మీద, మన మే నెల ఎండలో పడుకోబెడతారా అని అడిగితే ఏం చెప్పను? చివరకు గుహను సగం నేలలోకి దించి, పైన మట్టి, గడ్డి కప్పి, వాకిలిని ఉత్తరానికి తిప్పాము. బండ లోపలి గోడలకు మాత్రమే మిగిలింది.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్న తరువాత వచ్చింది. సెలవు దొరికితే తిరుపతి పోయి వచ్చాము. శేషాచలం కొండల దిగువన 1987లో మొదలైన ఆ జంతుప్రదర్శనశాల 5,532 ఎకరాల మేర ఉంది. సాయంత్రం కాగానే జంతువులను రాత్రి గదులలోకి పంపే పద్ధతి మన దేశమంతటా మామూలే. ఎలుగుబంటి ఎక్కువగా రాత్రి తిరిగే జంతువు కదా, అది లేచే వేళకు తలుపు వేసి, అది నిద్రపోయే వేళకు జనానికి చూపించడం ఏమిటని అమ్మాయి దారి పొడవునా అడుగుతూనే వచ్చింది. కాపలావాళ్ళకు ఇళ్ళు ఉంటాయి కదమ్మా, చీకట్లో జంతువు తప్పించుకుంటే ఎవరు చూస్తారు అని నేను సర్దిచెప్పబోయాను. నా మాట నాకే అతకలేదు.

దాని పరిష్కారం నాకు నచ్చింది. రాత్రి గదికి వెనుక, జనం చూపు పడని చోట, ఎత్తైన గోడలతో ఇంకొక ఆవరణ పెట్టి, రాత్రంతా ఆ తలుపు తెరిచే ఉంచాలంది. తిండిని ఒకచోట పళ్ళెంలో పోయకుండా, పొద్దుగూకే ముందు మొద్దులకు తొలిచిన బెజ్జాలలో తేనె పూసి, మట్టి పుట్టల్లో చెదలు, పండ్లు దాచిపెట్టాలట. వెతుక్కొని తినడమే దానికి పని. కాపలావాడు లోపలికి పోయే దారికి రెండు తలుపులు పెట్టి, ఒకటి మూసిన తరువాతనే రెండోది తెరుచుకునే ఏర్పాటు చేసింది.

ఇంత చేశాక, బడిలో ప్రదర్శనకు ముందు రోజు రాత్రి ఉపద్రవం వచ్చింది. తేనె ఎందుకులే అని మా ఆవిడ బెల్లం పాకం ఇస్తే, అమ్మాయి దాన్ని బెజ్జాల నిండా నింపింది. తెల్లవారి చూస్తే గండుచీమలు బారులు కట్టి, కందకం దాటి, గుహలో కూడా కాపురం పెట్టాయి. దులపబోతే అమ్మాయి ఒప్పుకోలేదు. ఎలుగుబంటికి అవే తిండి, ఉండనివ్వమంది.

ప్రదర్శనకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన, "బాగానే ఉంది గానీ, ఎలుగుబంటి ఏది?" అని అడిగి, వంగి చూడకుండానే పక్కనున్న పులి బోనుకు వెళ్ళిపోయాడు. బహుమతి ఆ పులికే వచ్చింది. మట్టితో చేసిన ఎలుగుబంటి గుహ లోపల, వీపు మీద రెండు పిల్లలతో ఉంది. వాకిలి దగ్గరకు తల దించితేనే కనిపిస్తుంది. బడి ఆయా మాత్రం మోకాళ్ళ మీద కూర్చొని చూసి, "పిల్లల్ని మోస్తాండాది పాపా!" అని తన తోటివాళ్ళను పిలుచుకొని వచ్చింది.

అమ్మాయి ఇప్పుడు ఆవాసాన్ని మళ్ళీ కడుతోంది, ఈసారి పెద్దగా, మిద్దె మీద. పుట్టకు బంకమన్ను పనికిరాదట, నిజమైన పుట్టమన్నే కావాలట. బద్వేలు దారిలో నీ చేను గట్టున పాత పుట్ట ఒకటి ఉండేది కదా. దాని మన్ను ఒక గంపెడు, వచ్చే వారం ఎవరైనా ఇటు వస్తుంటే పంపించు. నాగుల చవితికి పాలు పోసే పుట్ట జోలికి మాత్రం పోవద్దని మా అమ్మ గట్టిగా చెప్పమంది.

ఇట్లు,
నీ మిత్రుడు