చెత్త బండి దిగి పనిచేసేవారికీ ఎండ నుంచి రక్షణ కావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

రెంటచింతల ఎండల్లో పెరిగిన నాకే అరిజోనాలోని ఈ ఫీనిక్స్ ఎండ భయం పుట్టించింది. 2023 వేసవిలో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ ఏడాది ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో వేడి కారణంగా 645 మంది చనిపోయారు. అంత ఎండలోనూ మా వీధికి చెత్త బండి రావడం మానలేదు.

ఇక్కడ చెత్త బండ్లు ఎన్నో రకాలు. ఇళ్ల ముందుకొచ్చే బండి పక్క నుంచి ఇనుప చేయి చాచి బిన్నును ఎత్తుకుంటుంది. డ్రైవరు ఏసీ క్యాబిన్‌లోనే ఉంటాడు. అపార్ట్‌మెంట్లకు వచ్చే బండి పెద్ద ఇనుప డబ్బాను క్యాబిన్ మీదుగా ఎత్తి వెనక్కి కుమ్మరిస్తుంది. దానికోసం గేటు తీయాలన్నా, డబ్బాను ఇవతలికి లాగాలన్నా డ్రైవరు దిగాల్సిందే. పాత సోఫాలు, చెట్టు కొమ్మలు తీసుకెళ్లే బండిలోకైతే చాలాచోట్ల మనుషులే చేతులతో ఎత్తి వేస్తారు.

నగరంతో ఒప్పందమున్న కాంట్రాక్టర్లు కార్మికులకు నీళ్లు, నీడ, విశ్రాంతి కల్పించాలని, 2025 మే నుంచి క్యాబిన్లలో ఏసీ పనిచేయాలని 2024లో ఫీనిక్స్ నగర మండలి నిబంధన తెచ్చింది. మంచి పని. అయితే క్యాబిన్‌లో ఏసీ బండి వెనుక నిలబడ్డవాడికి అందదు. బయట పనిచేసేవారికి గంటకు ఇన్ని నిమిషాల విశ్రాంతి అని బండి రకాన్ని బట్టి లెక్క రాయాలి. చుట్టుపక్కల ఊళ్లన్నీ దాన్ని పాటించాలి.

పోయిన జులైలో మా వీధిలో ఒక బిన్ను కారుకూ దీపస్తంభానికీ మధ్య ఇరుక్కుంది. ఇనుప చేయి అందక డ్రైవరు దిగి దాన్ని లాగాడు, ఖాళీ చేశాక మళ్లీ దిగి పక్కకు జరిపాడు. నేను నీళ్ల సీసా ఇస్తే సగం తాగి, మిగతా సగం మెడ మీద పోసుకున్నాడు.

మీ పత్రిక చదివే ఇక్కడి తెలుగు కుటుంబాలకు నా మనవి: బిన్నుకూ కారుకూ మధ్య నాలుగడుగుల ఖాళీ వదలండి, పిడి ఇంటివైపు ఉండేలా పెట్టండి, మూత పూర్తిగా పడేంత చెత్తే వేయండి. నగర మండలి సమావేశాల్లో పౌరులు మాట్లాడే సమయం ఉంటుంది. ఈసారి ఎండలు ముదరకముందే నేను వెళ్లి ఈ విశ్రాంతి సంగతి అడుగుతాను, మీరూ రండి.

— ఒక పాఠకుడు, ఫీనిక్స్